మా మరిది పెట్టిన చర్చీలు

మా చెల్లెలు హ్యేరన్ మొగుడు తక్ గిల్‌సు చర్చీలు పెడుతుంటాడు. నడపడు, పెడతాడు. కొరియాలో మా బుచాన్ ఊళ్ళో కోడివేపుడు కొట్లూ చర్చీలూ పోటీపడి తెరుచుకుంటాయి, పోటీపడి మూతపడతాయి. అందుకని మూతపడ్డందుకు నేనెవర్నీ ఎగతాళి చెయ్యను. గిల్‌సుని తలుచుకుంటే నాకు ఒళ్ళు మండేది వేరే సంగతికి.

పెళ్ళైన కొత్తలో అతను ఒక కల్యాణమంటపంలో మైకు పట్టుకునేవాడు. పెళ్ళికూతురు వస్తోంది, అందరూ లేచి నిలబడండి అని చెప్పే ఉద్యోగం. గొంతు మాత్రం గొప్పది, తేనె రాసినట్టుండేది. కొన్నాళ్ళకి మా దేశంలో పిల్లలు పెళ్ళిళ్ళు చేసుకోవడమే మానేశారు. మంటపాన్ని వృద్ధాశ్రమం చేసేశారు. మంటపం మూసిన నెలలోనే దేవుడు తనని సేవకి పిలిచాడన్నాడు గిల్‌సు. ఇన్నాళ్ళూ పిలవని దేవుడు ఉద్యోగం పోగానే ఎందుకు పిలిచాడని నేను అడగబోతే చెల్లి బల్ల కింద నా కాలు తొక్కింది.

మొదటి చర్చి మా బజారు వెనక, బిలియర్డ్స్ హాలు పై అంతస్తులో పెట్టాడు. డాబా మీద ఎర్రదీపాల సిలువ, లోపల మడతకుర్చీలు. చెల్లి కీబోర్డు వాయించేది. వచ్చేది ముసలమ్మలే. వాళ్ళకి పెద్ద దిక్కు పీ గుమ్‌న్యో పెద్దమ్మ. పెద్ద చర్చిలో ముందు వరసలో కూచునే మనిషి, ఖాళీ కుర్చీలకి బోధిస్తే కుర్రాడికి పిచ్చెక్కుతుందని జాలిపడి తన జట్టునంతా లాక్కొచ్చింది. ఆరాధన అయ్యాక పెద్ద గిన్నెడు సోయా పులుసు కాచేది. నేను బజార్లో కూరలూ పచ్చళ్ళూ అమ్ముకునేదాన్ని కనక కిమ్చీ, అంటే క్యాబేజీ పచ్చడి, నా వంతు. నేను వెళ్ళేది భోజనానికి. విశ్వాసం సంగతి నన్నడక్కండి.

ఆ రోజుల్లో గిల్‌సు ముసలమ్మలకి జబ్బు చేస్తే ఆస్పత్రికి వెళ్ళి పక్కన కూచునేవాడు. వాళ్ళ కొడుకుల మీద చాడీలు ఓపిగ్గా వినేవాడు. అప్పుడే అతన్ని కాస్త మనిషి కింద లెక్కేశాను.

తర్వాత ఏదో హోటల్లో పాస్టర్లకి సదస్సంటే వెళ్ళొచ్చాడు. కాలం మారిందట. చర్చిని చూస్తే కుర్రకారు పారిపోతోందట. కాబట్టి చర్చి చర్చిలా కనిపించకూడదట. ఏ ఎండకా గొడుగు పట్టే మనిషిని గొడుగుల దుకాణంలో వదిలినట్టయింది. ఏడాది తిరక్కుండానే గింపో కొత్త పట్టణంలో, అపార్ట్‌మెంట్ల మధ్య కాఫీ హోటలు తెరిచాడు. పేరు 'పక్కింటి గది'. అదే చర్చి. సిలువ లేదు. పాటల పుస్తకం లేదు. తెల్లవారుజాము ప్రార్థన లేదు. యాభై దాటిన మనిషి జుట్టుకి గోధుమరంగేసి, తెల్ల బూట్లు తొడుక్కుని, నన్ను పాస్టరు అనొద్దు, గిల్‌సు అన్నా అనండి అని ఇరవయ్యేళ్ళ పిల్లల్ని బతిమాలేవాడు. వాళ్ళు అన్నా అనీ పిలవలేదు, అయ్యా అనీ పిలవలేదు. ఫోనుకి ఛార్జింగ్ ఎక్కడ పెట్టుకోవాలని అడిగారు.

ముసలమ్మలు మాత్రం బస్సులు మారి, గిన్నె మోసుకుని గింపో కూడా వచ్చేవాళ్ళు. ఒక ఆదివారం గిల్‌సు గుమ్‌న్యో పెద్దమ్మని పక్కకి పిలిచి, పులుసు వాసన కాఫీ వాసనతో కలవడం లేదని నసిగాడు. నేను అక్కడే కప్పులు కడుగుతున్నాను.

"రాకూడనిది పులుసా, మేమా, అయ్యగారూ?" అంది పెద్దమ్మ.

"పులుసే, పెద్దమ్మా. మీరు కావాలంటే శనివారం మధ్యాహ్నం రావచ్చు. మీకోసం విడిగా..."

"శనివారం మాకు ఒళ్ళునొప్పుల డాక్టరు" అని గిన్నె మూతపెట్టి, గుడ్డ కట్టి, జట్టుతో వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు. బస్టాపు దాకా చెల్లి వెనకాల వెళ్ళి ఏడ్చింది. గిల్‌సు ఆ సాయంత్రమే సువాసన పొగ చిమ్మే యంత్రం తెచ్చి పెట్టాడు.

గింపోలో పిల్లల్ని కూచోబెట్టి తోసే బళ్ళు బోలెడు కనిపిస్తాయి. తొంగిచూస్తే లోపల కుక్కలుంటాయి. అది కనిపెట్టాడు గిల్‌సు. కుక్కలకి ఆశీర్వాద ప్రార్థన అని బోర్డు పెట్టగానే గది నిండిపోయింది. బొచ్చు కత్తిరించి, చొక్కాలు తొడిగిన కుక్కలు. ఒక్కో తల మీదా చెయ్యి పెట్టి, పేరు పెట్టి ప్రార్థించేవాడు. చూశావా వదినా, కోత విస్తారంగా ఉంది అని నాతో గొప్పగా అన్నాడు. చెల్లి కీబోర్డు వాయిస్తే కొన్ని కుక్కలు శ్రుతి కలిపేవి. చెల్లి మొహం చూడలేక నేను వెళ్ళడం తగ్గించాను.

ఆ వచ్చేవాళ్ళలో బిన్ సొజిన్ అని ఒక పిల్ల ఉండేది. ఒంటరిగా ఉండి, కంప్యూటర్ పని చేసుకునేది. దాని ముసలి కుక్క పేరు తోఫు. ఆ కుక్క చచ్చిపోయినప్పుడు, తోఫు పరలోకంలో ఉంటుందా అని గిల్‌సుని అడిగింది. ఉంటుంది, పచ్చికలో పరిగెడుతూ ఉంటుంది, నేను హామీ అన్నాడు. పిల్ల స్థిమితపడింది. అక్కడితో నాకూ పేచీ లేదు. కుక్కకి ఆ మాత్రం పచ్చిక ఎవరిచ్చినా సంతోషమే.

ఆ శీతాకాలం సొజిన్ తండ్రి పోయాడు. సాయం ఉంటావా అక్కా అని చెల్లి పిలిస్తే నేనూ ఆస్పత్రి అంత్యక్రియల హాలుకి వెళ్ళాను. మధ్యాహ్నం వేళ. పువ్వుల మధ్య ఫొటో, చూడవచ్చినవాళ్ళకి బల్లల మీద కారం మాంసం పులుసు. జనం పెద్దగా లేరు. సొజిన్ నల్లబట్టల్లో గోడకి ఆనుకుని ఉంది. కళ్ళు పొడిగా ఉన్నాయి. గిల్‌సు వెళ్ళి ఎదురుగా కూచుని, ఎవరూ అడక్కుండానే మొదలెట్టాడు, అదే తేనె గొంతుతో.

"బాధపడకు సొజిన్. నాన్నగారు మంచిచోటికి వెళ్ళారు. ఇప్పుడు తోఫుని ఎత్తుకుని తిరుగుతూ ఉంటారు."

సొజిన్ తలెత్తింది.

"తోఫు కాలు విరగ్గొట్టింది ఆయనే" అంది. "మా అమ్మ చెయ్యి కూడా."

గిల్‌సు దేవుడి క్షమాపణ అని ఏదో అందుకోబోయాడు.

"మీ దగ్గరికి మూడేళ్ళు వచ్చాను. కుక్క పేరు అడిగారు, వయసు అడిగారు, ఏం తింటుందో అడిగారు. అది ఎందుకు కుంటుతోందని ఒక్కసారీ అడగలేదు. ఇంక వెళ్ళండి."

గొంతు పెంచలేదు. గిల్‌సు లేచి, అలవాటుగా ఫొటోకి వంగి దణ్ణం పెట్టి, బూట్లు తొడుక్కున్నాడు. రా అన్నట్టు చెల్లి వైపు చూశాడు. చెల్లి కదల్లేదు. సొజిన్ పక్కన గోడకి ఆనుకుని కూచుంది. ప్రార్థన లేదు, వాక్యం లేదు. ఒక్కమాటే అడిగింది: "ఏ కాలు?" అప్పుడు ఏడ్చింది సొజిన్.

గిల్‌సు కారులో మా కోసం ఎదురుచూస్తూ కూచున్నాడు. నేను వెళ్ళి, అది రాదు, నువ్వు పో అన్నాను. నేనేం తప్పన్నాను వదినా, ఓదార్చానంతేగా అన్నాడు. నిజంగానే అర్థం కాలేదు ఆ మనిషికి. అబద్ధమాడితే తిట్టేదాన్ని. అర్థంకానివాణ్ణి ఏమని తిట్టను?

వసంతం వచ్చేసరికి పక్కవీధిలో కుక్కలు ఆడుకునే తోటతో పెద్ద కాఫీ హోటలు తెరిచారు. బళ్ళన్నీ అటు దొర్లిపోయాయి. 'పక్కింటి గది' మూతపడింది. ఇప్పుడు కొరియా వాళ్ళకి లేనిది నిద్ర అని కనిపెట్టి, సొంగ్‌డోలో పరుపుల చర్చి పెట్టాడు గిల్‌సు. దీపాలు తగ్గించి, మెల్లగా వాక్యం చదువుతాడట, వచ్చినవాళ్ళు పడుకుంటారట. చెల్లి వెళ్ళలేదు. నా కొట్లో పెరిల్లా ఆకులు సోయా నీళ్ళలో ఊరేస్తోంది. ఆదివారాలు గుమ్‌న్యో పెద్దమ్మ వెంట పెద్ద చర్చికి వెళ్ళి వెనక వరసలో కూచుంటుంది. సొజిన్ అప్పుడప్పుడు కూరలకని వచ్చి, కొట్టు మూసేదాకా కూచుంటుంది. వాళ్ళు ఏం మాట్లాడుకుంటారో నేను వినను.

మొన్న గిల్‌సు ఫోను చేసి, సంఘం బాగా ఎదుగుతోంది, హ్యేరన్‌ని కీబోర్డు వాయించడానికి పంపించు వదినా అన్నాడు.

"పడుకున్నవాళ్ళకి కీబోర్డెందుకు?" అని ఫోను పెట్టేశాను. క్యాబేజీలకి ఉప్పు రాయాల్సిన పని మిగిలిపోయింది.