సున్నం కింద పద్నాలుగు అక్షరాలు

తొమ్మిదేళ్ళుగా ఒక రాయిని మోస్తున్నాను. పొడవు నాలుగడుగుల రెండంగుళాలు, వెడల్పు అడుగున్నర. ఇంత కచ్చితంగా చెబుతున్నాను గనుక మీరు నమ్ముతారు. అందరూ అలాగే నమ్మారు. కానీ ఆ వెడల్పు తప్పు.

నేనెవరో మీకు అక్కరలేదు. కర్నూలులో ఉంటాను. భూములు కొలిచే కొలువులో ముప్పై నాలుగేళ్ళు గడిపి విరమించాను. ఆ తరువాత మిగిలిన వ్యసనం ఒక్కటే. పొద్దున్నే బస్సెక్కి, కర్నూలు, కడప సీమల్లోని చిన్న ఊళ్ళలో దిగి, దారి పక్కన నిలిచివున్న పాత మండపాలనూ, దిగుడు బావులనూ, వీరుల రాళ్ళనూ టేపుతో కొలిచి నోటుపుస్తకంలో ఎక్కించడం. కథలు ఎక్కించలేదు. కథకు కొలత ఉండదు.

ఆ రాయి గండికోట వైపు వెళ్ళే దారిలో, ఒక చిన్న ఊరి మొదట్లో ఉండేది. ఈటెతో అడవిపందిని పొడుస్తున్న మనిషి బొమ్మ. దాని పక్కనే చెన్నప్ప సోడా అంగడి. కోట చూడటానికి పోయేవాళ్ళు అక్కడ ఆగితే, ఆ మనిషి తన వంశపు మూలపురుషుడని, పేరు తిమ్మడని, పంది మీద పడి ఊరిని కాచి చచ్చాడని చెన్నప్ప చెప్పేవాడు. ఏటా ఏరువాకకు ముందు వాళ్ళ ఇంటివాళ్ళు ఆ రాయికి సున్నం పూసేవారు. ఎన్ని తరాలుగానో తెలియదు. నేను కొలిచాను, నాలుగు వైపులా చూశాను, "అక్షరాలు లేవు" అని రాసుకున్నాను.

ఆ సమయంలోనే కాలేజీ పిల్లల బస్సొకటి ఆగింది. నేను మోకాళ్ళ మీద వంగి ఉన్నాను. చెన్నప్ప గట్టిగా అన్నాడు: "ఏం సార్, శానా సేపట్నుంచి కొలుస్తాండావు. ఎన్నడుగులుండాడు మా సచ్చిన తాత?" పిల్లలు నవ్వారు. వాళ్ళ పంతులూ నవ్వాడు. చెన్నప్ప ఆగలేదు. "రాయి పొడుగు చెప్తాడు గానీ, మనిషి పేరు చెప్పలేడప్పా ఈ సారు!"

అంతే. రెండు మాటలు. రెండు మాటలకు ఒక మనిషి ఇంత పగ పెంచుకుంటాడా? పెంచుకున్నాను. ముప్పై నాలుగేళ్ళు నేను గీత గీస్తే గట్టు అక్కడే పడింది. నా టేపును చూసి అంతవరకూ ఎవరూ నవ్వలేదు.

నెల తిరక్కుండా మళ్ళీ వెళ్ళాను. సున్నం కడిగి, కింద ఏమీ లేదని అందరి ముందూ తేల్చి, అతడి కథను చంపాలని వెళ్ళాను. అంగడి మూసి ఉంది. ఇంటిల్లిపాదీ రాజంపేటకు పెళ్ళికి పోయారని పక్క పొలంలోని మనిషి చెప్పాడు. మిట్టమధ్యాహ్నం. దారి మీద నరపురుగు లేదు. రాతి అడుగుభాగాన జానెడు మేర తడిపి, చెక్కపేడుతో గీకాను. పెంకులు పెంకులుగా ఊడింది.

కింద అక్షరాలున్నాయి.

రెండు వరుసలు. పాత లిపి. కూడబలుక్కుని చదివాను. "పందిని పొడిచి పడిన తిమ్మని రాయి." పద్నాలుగు అక్షరాలు. అంచుల మీద సున్నం రెండు వైపులా కలిపి అరంగుళం మందం ఉంది. అంటే నేను కొలిచింది రాయిని కాదు, వాళ్ళ తరాల పూతను.

అప్పుడు నేనేం చేసి ఉండాలి? మీకు తెలుసు. నాకూ తెలుసు. అంగడి వెనక, రాబోయే ఏరువాకకు కలిపి పెట్టుకున్న సున్నపు కుండ కనబడింది. అతడి కుండలోని సున్నంతోనే ఆ పద్నాలుగు అక్షరాలనూ మూసేశాను.

మరుసటి ఏడాది దారి వెడల్పు చేసే పని వచ్చింది. దారి పక్కనున్న రాళ్ళలో వేటిని జరిపి భద్రంగా నిలబెట్టాలో పట్టీ రాసివ్వమని, నా నోటుపుస్తకాల సంగతి తెలిసిన రోడ్ల శాఖవాళ్ళు నన్నడిగారు. ఆ సంగతి విని చెన్నప్ప కర్నూలుకు, మా ఇంటికి వచ్చాడు. చేతిలో సంచెడు సీతాఫలాలు. కుర్చీ చూపించినా గడప దగ్గరే నిలబడ్డాడు.

"మా తాత రాయి ఉంచాలని ఒక్క మాట రాయండి సార్."

"ఆధారం?"

"కింద అక్షరాలుండాయని మా అవ్వ చెప్పేది సార్. సున్నం పూసీ పూసీ మూసుకపొయినాయి."

"గీకి చూడలేకపోయావా?"

"తాత మొగం మీద ఎట్ల గీకేది సార్? పాపం కదా."

నేను నెమ్మదిగా అన్నాను: "రాయి పొడవైతే చెప్పగలను చెన్నప్పా. మనిషి పేరు చెప్పడం నాకు చేతకాదు గదా."

అతడికి గుర్తొచ్చింది. తల దించుకున్నాడు. "ఆ పొద్దు నవ్వులాటకన్నాను సార్. మనసులో పెట్టుకోవద్దండి."

పెట్టుకోలేదన్నాను. అతడు వెళ్ళాక పట్టీలో రాశాను: నాలుగడుగుల రెండంగుళాలు, అడుగున్నర, అక్షరాలు లేవు, ఉంచనక్కరలేదు. నా సంతకాన్ని ఎవరూ ప్రశ్నించలేదు. రాయిని పెరికిన రోజు నేను వెళ్ళి చూశాను కూడా. చూడకపోతే పగ తీరదనిపించింది. ఊరు దాటాక మొదటి కల్వర్టుకు బండలు చాలక, దాన్నీ పరిచారు. బొమ్మ కిందికి. ఊరి వైపు నుంచి మూడో బండ. లెక్కపెట్టుకుని తిరుగు బస్సెక్కాను. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను. ఇదీ ఒప్పుకుంటున్నాను.

పోయిన నెల అటు వెళ్ళాను. కొత్త దారి పక్కన చెన్నప్ప అంగడి ఉంది. అతడు ముసలివాడయ్యాడు, నన్ను గుర్తుపట్టలేదు. ఎవరో ప్రయాణికుడు అడిగాడు, ఇక్కడేదో వీరుడి రాయి ఉండాలే అని. చెన్నప్ప సోడా అందిస్తూ అన్నాడు: "ఉండె సార్. అక్షరాలుండాయని మా అవ్వ చెప్పేది. కర్నూలు సారొకాయన కొలిచి సూసి లేవన్న్యాడు. ఆయన లెక్క తప్పడంట. మా అవ్వే ఉత్తదే చెప్పిందేమో."

ఇంతకంటే గొప్ప ప్రతీకారం నేను కోరి ఉండను. తన అవ్వ మాట ఉత్తదని అతడి నోటితోనే అనిపించాను. ఆ మాట విన్నప్పుడు లోపల ఎక్కడో తీపి కలగలేదంటే అబద్ధం. మరి సోడాను సగంలోనే ఎందుకు పెట్టేశాను? నా టేపును చూసి నవ్వినవాడు, చివరికి దాన్నే నమ్మి, సొంత అవ్వనే అబద్ధాలకోరును చేశాడు. అక్కడే నిజం చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. లేచి వచ్చేశాను. అతడి ఎదుట తల దించడం ఈ వయసులోనూ నా వల్ల కాదు.

నన్ను క్షమించమని అడగను. ఆ నవ్వును నేనూ క్షమించలేదు. ఇప్పటికీ బస్సులో పిల్లలు నవ్వితే చెయ్యి జేబులోని టేపు మీదికి పోతుంది.

అయినా నోటుపుస్తకంలో తప్పు లెక్క ఉండరాదు. నిన్న పాత పేజీ తీసి, ఎర్ర సిరాతో కొట్టివేసి, కింద రాశాను. అదే మీకూ ఇస్తున్నాను. వెడల్పు: అడుగు ఐదున్నర అంగుళాలు. అక్షరాలు: పద్నాలుగు. ఉన్న చోటు: ఊరు దాటాక మొదటి కల్వర్టు, ఊరి వైపు నుంచి మూడో బండ, బొమ్మ కిందికి. పేరు: తిమ్మడు.

చెన్నప్ప అవ్వ అబద్ధం చెప్పలేదు.