హంస కన్ను గడి

పొద్దున్నే పేపరు రాగానే మా తోడికోడలు సుడోకు ఉన్న పేజీ ముందేసుకుని కూర్చుంటుంది. నేనేమో పెన్సిలు, రబ్బరు పట్టుకుని, రాసింది చెరిపి, చెరిపింది రాసి, కాగితం చిరిగేదాకా కుస్తీ పడతాను. తను మాత్రం చాయ్ చల్లారేలోపు పెన్నుతో, ఒక్క కొట్టివేత లేకుండా నింపి పారేస్తుంది. అది చూస్తే ఈ వయసులో కూడా నాకు ఒళ్ళు మండుతుంది, దాచడమెందుకు!

ఈ మంట ఇవాళ్టిది కాదు. నాగర్‌కర్నూలు నుంచి గద్వాల నేతింటికి పెద్దకోడలిగా వచ్చిన కొత్తలో మా మామగారు నాకు గ్రాఫ్ కాగితం మీద చీర అంచులు వేయడం నేర్పారు. నింపిన గడి దగ్గర జరీ పైకి తేలుతుంది, ఖాళీ గడి దగ్గర అణుగుతుంది. ఆ కాగితం చూసే మగ్గం అట్టలకు చిల్లులు కొట్టేవారు. గడులు లెక్కపెట్టీ పెట్టీ కళ్ళు నీళ్ళు కారేవి గానీ, ఇంటిల్లిపాదిలో అది నా ఒక్కదాని పనే కదా అని మురిసిపోయేదాన్ని. ఇంతలో కొత్తకోట నుంచి మా మరిది భార్యగా తను వచ్చింది. నేను వారం కూర్చుని వేసే కొమ్మల అంచును రెండు పూటల్లో వేసేసింది. మామగారు పెన్సిళ్ళ డబ్బా నా గూట్లోంచి తీసి, నాతో ఒక్క మాటైనా అనకుండా, ఆమె చేతిలో పెట్టారు. ఆ పూట నాకు అన్నం సయించలేదు.

తర్వాత ఆమె హంసల అంచు వేసింది. ఎంత బాగుందని! ఒంటి నిండా ఎర్ర గడులు, కన్ను ఉండాల్సిన చోట ఒకే ఒక్క తెల్ల గడి. ఆమె వంటింట్లోకి వెళ్ళినప్పుడు ఆ గడిని నేను ఎర్ర పెన్సిలుతో నింపేశాను. అంచులో ఒకే బొమ్మ మళ్ళీ మళ్ళీ వస్తుంది కాబట్టి చీర పొడవునా ఒక్క హంసకూ కన్ను లేకుండా పోయింది.

చీర మగ్గం దిగాక మామగారు అంచు ఎత్తిపట్టి, “గిదేంది బిడ్డా, హంసల కండ్లు యాడవోయినయి?” అని ఆమెనే అడిగారు. ఆమె కాగితం తెచ్చి చూసుకుంది, ఒక్కసారి నావైపు చూసింది, తల దించుకుని తప్పయిందన్నది. డబ్బా నా గూటికి తిరిగొచ్చింది. ఆమె మళ్ళీ ఏనాడూ గ్రాఫ్ ముట్టలేదు, మగ్గానికి నూలు కండెలు చుడుతూ ఉండిపోయింది. ఆమెకు తెలియలేదులే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

ఇప్పుడు అంచులన్నీ కంప్యూటర్లోనే వేస్తున్నారు. తప్పు గడి పడితే ఒక్క నొక్కుతో సరి, ఎవరూ తల దించుకోనక్కర్లేదు. మా పెన్సిళ్ళ డబ్బాలో ఇప్పుడు మందుబిళ్ళలున్నాయి.

నిన్న ఆమె సుడోకు అంతా నింపి, ఒకే ఒక్క గడి వదిలేసి, పెన్నుతో సహా నా ముందుకు జరిపింది. “ఆ ఒక్కటి నువ్వు నింపక్కా. ఒక్క గడి నింపుడు నీకెరుకే కద,” అని నవ్వి, నా గ్లాసులో చాయ్ పోసింది.

అక్కడ ఏడు రావాలి, తెలుస్తూనే ఉంది. అయినా ఆ గడిని అలాగే వదిలేశాను. ఇన్నాళ్ళూ ఆమె చేతి వేగానికి కుళ్ళుకున్నాను. అంతా తెలిసి కూడా రోజూ నాకు చాయ్ పోసిన ఆ మనసు నాకెందుకు లేకపోయిందా అని నిన్నటి నుంచి కుళ్ళుకుంటున్నాను.