నెరెయిదా దగ్గు

సియెన్‌ఫ్వేగోస్ ఊళ్ళో నెరెయిదా కస్తేల్యానోస్ క్యూలో ముందుకెళ్ళగా ఎవరూ చూడలేదు. చూపులేనివాళ్ళని ముందు పంపాలన్నది అక్కడి పద్ధతే. రేషన్ షాపువాడు లోపల్నుంచి "నెరెయిదక్కా, నువ్వొచ్చెయ్" అని పిలిచేవాడు. "నా సంగతి నేను చూసుకుంటాలే, నువ్వు తూకం సరిగ్గా చూడు" అనేది. ఆవిడకి చూపు చిన్నప్పుడే పోయింది. నోరు మాత్రం ఎక్కడికీ పోలేదు.

ఆ ఊళ్ళో క్యూ అంటే ఒకరి వెనక ఒకరు నిలబడటం కాదు. వచ్చినవాళ్ళు "ఆఖరెవరు?" అని గట్టిగా అడుగుతారు. ఎవరో "నేనే" అంటారు. ఆ మనిషిని గుర్తుపెట్టుకుంటే చాలు, నీడ చూసుకుని ఎక్కడైనా కూర్చుని ఎవరి గురించైనా మాట్లాడుకోవచ్చు. ఇద్దరు మొగుళ్ళనీ నెరెయిదా క్యూలోనే సంపాదించింది. మొదటివాడు సబ్బుల క్యూలో దొరికాడు, ఏడాది తిరక్కుండా వెళ్ళిపోయాడు. రెండోవాడు గుడ్ల క్యూలో దొరికాడు, బతికున్నన్నాళ్ళూ బాగా చూసుకున్నాడు. పిల్లల్లేరు. వాడు పోయాక ఆవిడకి చుట్టమూ పక్కమూ అన్నీ ఆ క్యూయే.

అప్పుడు అంటురోగం వచ్చింది. వాడ ప్రతినిధి రిగోబెర్తో మంచివాడు. ఎదుటివాళ్ళకి ఏం కావాలో అడక్కుండానే తెలిసిపోయే రకం. ముసలివాళ్ళూ, చూపులేనివాళ్ళూ, నడవలేనివాళ్ళూ గడప దాటక్కర్లేదనీ, సరుకులు ఇంటికే వస్తాయనీ ఏర్పాటు చేశాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నెరెయిదా కూడా కొట్టింది.

సరుకులు తెచ్చేవాడు ఒస్మానీ. తలుపు ఊచలకి సంచి తగిలించి, దూరంగా జరిగి, "పిన్నీ, బియ్యం, చిక్కుళ్ళు, రొట్టె. అన్నీ పెట్టాను" అనేవాడు.

"ఒరేయ్ ఒస్మానీ, షాపు దగ్గర ఏమిటిరా కబుర్లు?"

"కబుర్లెక్కడివి పిన్నీ, అందరూ మూతులు కట్టుకుని నిలబడుతున్నారు. వస్తా, ఇంకా బోలెడిళ్ళున్నాయి."

పొద్దున్నే మెడికల్ కాలేజీ పిల్ల ఒకతి వచ్చేది. "దగ్గు? జ్వరం? గొంతునొప్పి?" అనేది గేటు బయటనుంచే. లేవంటే, "మంచిది" అని వెళ్ళిపోయేది. ఆ రెండు మాటలూ అయ్యాక మర్నాటిదాకా ఆ ఇంట్లో మనిషి మాట లేదు. ఒకసారి ఫోన్ మోగింది. ఎవరో తప్పు నంబరుకి చేశాడు. నెరెయిదా వదిలిపెట్టలేదు. అతనెవరో, అతని వెనక కీచుమంటున్న గిలక ఏ బావిదో, వాళ్ళావిడ అతనితో ఎందుకు మాట్లాడటం లేదో అన్నీ కనుక్కుంది. ఫోన్ పెట్టేశాక గొంతు నొప్పెట్టింది. ఒకప్పుడు రోజంతా మాట్లాడినా నొప్పెట్టని గొంతది. ఆవిడకి ఆ రోజే భయం వేసింది.

మర్నాడు ఆ పిల్ల వచ్చి "దగ్గు?" అంది.

"కొంచెం ఉందమ్మా" అంది నెరెయిదా.

ఎలాంటి దగ్గు, ఎప్పట్నుంచి, రాత్రా పగలా అని అడుగుతుంది కదా, కాసేపు మాట్లాడుకోవచ్చని ఆవిడ ఆశ. జవాబులు కూడా సిద్ధం చేసుకుంది. ఆ పిల్ల ఒక్కటీ అడగలేదు. మధ్యాహ్నానికి అంబులెన్స్ వచ్చింది.

అనుమానం ఉన్నవాళ్ళని బడి హాస్టల్లో ఉంచుతున్నారు. ఆ గదిలో ఇంకో అయిదుగురు ఆడవాళ్ళు ఉన్నారు. ఒకావిడ పందిని ఆడపడుచుకి అప్పగించి వచ్చింది. అది తిరిగి దక్కుతుందా లేదా అని గదంతా రెండు పక్షాలుగా చీలిపోయింది. ఇంకొకావిడ గురక పెడుతుంటే మిగతావాళ్ళు దిండ్లు విసిరేవాళ్ళు. నెరెయిదాకి ఆ ఏడాదిలో అంత సుఖంగా గడిచిన రోజులు లేవు. చివరికి నర్సు వచ్చి, "నీకేం లేదు తల్లీ, ఇంటికి పోవచ్చు" అంది సంతోషంగా.

"సరిగ్గా చూశారా? ఇంకోసారి చూడండి" అంది నెరెయిదా.

చూడలేదు. ఇంటికొచ్చాక మళ్ళీ దగ్గడానికి ఆవిడకి మనసొప్పలేదు. ఆ మంచం నిజంగా జబ్బుపడ్డవాళ్ళది. తను ఒకరి మంచం కాజేసిందని సిగ్గుపడింది. ఆ సిగ్గు చెప్పుకోవడానికి కూడా ఎవరూ లేరు.

రోగం తగ్గాక, ఇంకోటి వస్తే ఏం చెయ్యాలో తేల్చుకోవడానికి వీధిలో మీటింగు పెట్టారు. ఎవరి కుర్చీలు వాళ్ళు తెచ్చుకున్నారు. "మన వాడలో వికలాంగుల్లో ఒక్కరూ పస్తులుండలేదు, ఒక్కరికీ రోగం అంటలేదు. ఈసారి వచ్చినా ఇదే పద్ధతి. చేతులెత్తండి" అన్నాడు రిగోబెర్తో.

"నేనెత్తను" అంది నెరెయిదా.

"ఏమక్కా, సరుకులు తక్కువొచ్చాయా?"

"సరుకులకేం, బాగానే వచ్చాయి. మనుషులే రాలేదు. మాటకి మొహం వాచి, లేని దగ్గు ఉందని చెప్పి హాస్టల్‌కి పోయాను నాయనా. ఈసారి సంచితోపాటు ఒక మనిషిని కూడా పంపు. దూరంగానే కూర్చోనీ, మూతి కట్టుకునే కూర్చోనీ. కూర్చోవాలి. పథకంలో అది పెట్టు, అప్పుడెత్తుతాను."

జనం నవ్వారు. రిగోబెర్తో కూడా నవ్వాడు. "అక్కా, నీ వేషాలు ఊరందరికీ తెలిసినవే" అన్నాడు.

"నేనూ దగ్గాను" అన్నారెవరో వెనకనుంచి.

చక్రాల కుర్చీలో ఉన్న ఎవేలియో. మూడో అంతస్తులో ఒక్కడే ఉండే ముసలాయన. మీటింగు కోసం నలుగురు మోసుకొచ్చారు.

"నన్ను తీసుకెళ్ళలేదు. ఈ కుర్చీ ఆ బండిలో పట్టదన్నారు. ఇంట్లోనే ఉండమని తలుపుకి కాగితం అంటించారు. అప్పట్నుంచి సంచి కూడా కింద మెట్ల దగ్గరే పెట్టేవాళ్ళు. పక్కింటావిడ తెచ్చి తలుపు బయట పడేసేది."

నవ్వులు ఆగిపోయాయి. ఒస్మానీ లేచి నిలబడ్డాడు. "పైకి రావద్దన్నారు బాబాయ్. నువ్వు కిటికీలోంచి పిలిచేవాడివి, గొంతు వినపడేది. జబ్బుందనుకుని, వినపడనట్టు పారిపోయేవాణ్ణి."

"ఏమని పిలిచానో విన్నావా?"

"లేదు బాబాయ్."

"నీ కూతురికి పళ్ళొచ్చాయా అని అడిగేవాణ్ణిరా."

ఒస్మానీ తన కుర్చీ తెచ్చి ఎవేలియో పక్కన వేసుకున్నాడు. రిగోబెర్తో చేతులెత్తమని మళ్ళీ అడగలేదు.

"పిల్ల ఇప్పుడు నడుస్తోంది బాబాయ్" అన్నాడు ఒస్మానీ.