కరీబియన్‌లో మనవాళ్ళు

మా ఆవిడ ఇన్నేళ్ళలో నన్ను నగలు అడగలేదు, పెద్ద ఇల్లు అడగలేదు. పోయిన చలికాలం మాత్రం ఒక జాలరిపల్లెను అడిగింది. ఇక్కడ బ్లాక్‌టౌన్ ఆసుపత్రిలో తనతోపాటు పనిచేసే ఒక నర్సు పుట్టిన ఊరట అది. కరీబియన్ దీవుల్లో, సముద్రం ఒడ్డున కాసిని ఇళ్ళు, రంగురంగుల పడవలు. ఆ నర్సు ఫోన్‌లో ఫొటోలు చూసి వచ్చిన రోజు మా ఇంట్లో కూర మాడిపోయింది.

"ఐదు రోజులండీ. ఎవరింటికీ వెళ్ళకూడదు, నేను గరిటె పట్టుకోకూడదు. అంతే," అంది.

అదేమంత గొంతెమ్మ కోరిక? సెలవులు చూశాను, ఆ పల్లెలో ఒకావిడ అద్దెకిచ్చే గదీ మాట్లాడాను. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కానీ నా సంగతి నాకు తెలుసు. ఆఫీసు పని మీద ఈ దేశం ఆ కొసనున్న డార్విన్‌కి రెండ్రోజులు వెళ్ళాలన్నా, అక్కడ మనవాళ్ళు ఎవరున్నారో కనుక్కోందే నేను సూట్‌కేసు తీయను. మా పేట రౌస్ హిల్ తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఒక్క ముక్క పెట్టాను: "కరీబియన్‌లో మనవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

ఉన్నారు. గంట తిరక్కుండా నంబరు వచ్చింది. తెనాలి డాక్టరు గారు, అదే దీవి, ఆ పల్లెకి రెండు గంటల దూరం. ఫోన్ చేస్తే ఆయన ఆనందం చెప్పనలవి కాదు.

"మనిల్లుండగా అద్దెగది ఏంటండీ? ఆ పల్లెలో ఏముంది, చేపల కంపు తప్ప? ఓ మధ్యాహ్నం నేనే డ్రైవ్ చేసుకుంటూ తీసుకెళ్ళి చూపిస్తా!"

నేను మొహమాటంకొద్దీ "సరేనండీ" అన్నాను. ఆ ఒక్క మాటతో మా ఐదు రోజులు కాస్తా ఒక పూటయ్యాయి. మర్నాడు ఆయన దగ్గర్నుంచి మేం తేవాల్సినవాటి జాబితా వచ్చింది: గోంగూర పచ్చడి, కుక్కర్ గాస్కెట్లు, సత్యనారాయణ వ్రతం పుస్తకం. మేం రాగానే వ్రతం చేసి, దీవిలో ఉన్న మనవాళ్ళందరికీ భోజనాలు పెడతారట.

యూనివర్సిటీకి వెళ్ళే మా అమ్మాయి సూట్‌కేసులోకి తొంగి చూసి, "నాన్నా, దిస్ ఈజ్ నాట్ ఎ హాలిడే. దిస్ ఈజ్ ఎ డెలివరీ," అని నవ్వింది.

మా ఆవిడ నవ్వలేదు. పోట్లాడనూ లేదు. కొత్తగా కొనుక్కున్న ఎండటోపీని పెట్టెలోంచి తీసి, ఆ చోట్లో పచ్చడి సీసా సర్దింది. నాకు సిగ్గేసింది. పెళ్ళయిన దగ్గర్నుంచీ సెలవులన్నీ ఎవరో ఒకరి వంటింట్లో నిలబడి పూరీలు వత్తిన మనిషి తను.

ఆదివారం పొద్దున్నే ఫోన్ చేశాను. అక్కడింకా శనివారం సాయంత్రం. మా ఆవిడ పక్కనే కూర్చుంది కాబట్టి స్పీకర్‌లో పెట్టాను, వెనక్కి తగ్గడానికి వీల్లేకుండా. అయినా కాసేపు నీళ్ళు నమిలాను. వానల గురించి అడిగాను, క్రికెట్ గురించి అడిగాను. చివరికి కళ్ళు మూసుకుని అనేశాను.

"డాక్టరు గారూ, ఏమీ అనుకోకండి. ఐదు రోజులూ మేం ఆ పల్లెలోనే ఉంటామండీ. మా ఆవిడకి ఈసారి ఎవరింట్లోనూ దిగాలని లేదు."

అవతల ఫోన్ చేతులు మారింది. డాక్టరు గారి భార్య. ఇక చీవాట్లే అనుకున్నాను.

"అన్నయ్యగారూ," అందావిడ గొంతు తగ్గించి, "ఆ గది ఇచ్చేవాళ్ళ దగ్గర ఇంకో గది ఉంటుందేమో కనుక్కుంటారా? ఈ దీవికొచ్చి పదకొండేళ్ళు. వచ్చిన చుట్టాలందర్నీ ఈయన ఆ ఊరు తిప్పుకొస్తారు. వాళ్ళొచ్చేసరికి నేను వంట చేసి పెట్టాలి కదా, ఒక్కసారీ చూళ్ళేదు."

మా ఆవిడ నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది.

"మీరు వచ్చేయండి వదినగారూ. వ్రతం సంగతి డాక్టరు అన్నయ్యగారు చూసుకుంటారు."