రాహుకాలానికి ముందు అప్‌డేట్

బ్రహ్మాండంగా పరుగెడుతున్న కారుని, నడిరోడ్డు మీద, మిట్టమధ్యాహ్నం, నా చేతులారా నేనే మూగనోము పట్టించిన వైనం చెబుతాను, వినండి. కారుకి రోగం లేదు. రోడ్డు మీద గుంట లేదు. బ్యాటరీ నిండుగా ఉంది. అన్నీ సవ్యంగా ఉన్నప్పుడు చెడగొట్టాలంటే ఓ ప్రత్యేకమైన తెలివి కావాలి. అది నాకు పుట్టుకతోనే వచ్చిందని మా సరోజక్క అంటుంది. నాకంటే పదేళ్ళు పెద్దది కాబట్టి నేను పుట్టడం కళ్ళారా చూసింది. కాదనడానికి నా దగ్గర సాక్ష్యం లేదు.

అప్పటికి నాకు యాభై మూడేళ్ళు. బుద్ధి రావడానికి అది మరీ చిన్న వయసు. నూజివీడులో మాది మామిడిపండ్ల వ్యాపారం. పెట్రోలు బండి అమ్మేసి కరెంటు కారు కొన్న కొత్తలో మా వీధివాళ్ళు రోజూ పరామర్శించేవాళ్ళు. "చప్పుడు లేదేంటండీ, పాడైందా?" అని ఒకరు. "రాత్రంతా చార్జింగ్ పెడితే పొద్దున్నే షాక్ కొట్టదా?" అని ఇంకొకరు. ఈ బాధలు పడలేక మా చుట్టుపక్కల కరెంటు కార్లవాళ్ళమంతా కలిసి ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నాం. లోకమంతా పొద్దున్నే పువ్వుల బొమ్మలు పంపుకుంటే, మేము చార్జింగ్ ఎంత ఎక్కిందో ఫోటోలు తీసి పంపుకునేవాళ్ళం.

ఆ గ్రూపుకి పెద్ద, ఇనుప సామాన్ల కొట్టు భాస్కరరావుగారు. ఆయన మామూలు యజమాని కాదు, బీటా టెస్టరు. కారు కంపెనీవాళ్ళు కొత్త సాఫ్ట్‌వేర్‌ని ముందు ఆయన కారుకే పంపుతారు. ఆ మాట ఆయన రోజుకోసారైనా గుర్తుచేసేవారు.

"బీటా అంటే ఏంటండీ అసలు?" అని ఒకసారి అడిగాను.

"పెళ్ళిలో వంటవాడు కూర దింపేముందు ఒకళ్ళ అరచేతిలో కాస్త వేసి ఉప్పు చూడమంటాడు చూశారా? ఆ ఒకళ్ళం మేమండి."

"ఉప్పు ఎక్కువైతే?"

"కంపెనీకి చెబుతాం. వాళ్ళు సరిచేసి అందరికీ వడ్డిస్తారు."

"మరి మీ నోరు?"

"మంచినీళ్ళు తాగుతామండి. సేవంటే అంతే కదా!"

ఆ 'సేవ' అనే మాట నన్ను నిద్రపోనివ్వలేదు. గ్రూపులో ఎవరికి ఏ అనుమానం వచ్చినా "బీటాగారూ, బీటాగారూ" అని ఆయన వెంటపడుతుంటే నాకు కడుపు మండిపోయేది. నేనూ పేరిచ్చాను. కంపెనీవాళ్ళు ఒప్పుకున్నారు కూడా. పాపం, వాళ్ళకి మా అక్క చెప్పలేదు కదా నా సంగతి. ఆ సంతోషంలో గ్రూపులో ప్రకటించగానే భాస్కరరావుగారు పొడుగాటి జాగ్రత్తలు రాసి పంపారు. నేను చదవకుండానే కింద బొటనవేలు బొమ్మ పెట్టాను. అందులో ఏముందో తర్వాత తెలిసింది. ఆగండి, అక్కడికే వస్తున్నాను.

ముందు మా తోట గురించి చెప్పాలి. రెడ్డిగూడెం దాటాక, రోడ్డు పక్కనే, నాన్న పెంచిన మామిడితోట ఉండేది. నాన్న పోయాక దాన్ని అమ్మేశాం. 'అమ్మేశాం' అనడం మర్యాద కోసం. అమ్మేద్దామన్నది నేను. అక్క విశాఖపట్నం నుంచి వచ్చింది, చూపించిన చోటల్లా సంతకం పెట్టింది, కాఫీ తాగి వెళ్ళిపోయింది. ఒక్క మాట అనలేదు. మా అక్క మాట అనకపోవడమంటే ఏంటో మీకు తెలీదు. కూరలో ఉప్పు తగ్గినా ఊరంతా వినబడేలా చెప్పే మనిషి. ఆ తర్వాత ఎన్నిసార్లు నూజివీడు వచ్చినా ఆ రోడ్డెక్కలేదు. నేనూ రమ్మనలేదు. మా ఇద్దరి మధ్యా ఆ తోట పేరే ఎత్తేవాళ్ళం కాదు.

ఆ మే నెలలో, ఒక గురువారం, రెడ్డిగూడెంలో మా పిన్ని కూతురి గృహప్రవేశం. అక్క రాక తప్పలేదు. భోజనాలయ్యాక సాయంత్రం విజయవాడలో ఆమెను రైలెక్కించే పని నాది. మైలవరం, జి. కొండూరు మీదుగా వెళ్ళాలి. అంటే తోట పక్కనుంచే.

"కదిలిందా ఇది?" అంది అక్క సీటు బెల్టు పెట్టుకుంటూ.

"ఊరు దాటేశాం అక్కా."

"చప్పుడు లేకుండా ఏంట్రా, దొంగలా!"

తోట దగ్గరపడుతున్నకొద్దీ అక్క మాటలు తగ్గిపోయాయి. కిటికీ వైపు తిరిగి కూర్చుంది. రయ్యిమని దాటించేద్దాం అనుకున్నాను. సరిగ్గా కంచె మొదలయ్యే చోట స్క్రీన్ 'టింగ్'మంది. నా మొట్టమొదటి బీటా అప్‌డేట్! ఇప్పుడు ఇన్‌స్టాల్ చెయ్యమంటారా, తర్వాతా అని అడుగుతోంది.

టైము చూశాను. ఒంటిగంటా ఇరవై దాటింది. గురువారం ఒకటిన్నరకి రాహుకాలం. మీరు నవ్వకండి. మా ఇంట్లో రాహుకాలంలో కొట్టు తాళం తియ్యరు, కొత్త చొక్కా తొడగరు, ఆఖరికి కొత్త ఆవకాయ జాడీ మూత కూడా ఎత్తరు. అలాంటిది, జీవితంలో మొదటి బీటాని రాహుకాలంలో మొదలుపెట్టనా? అది పోయేదాకా ఆగితే ఈలోగా భాస్కరరావుగారు నొక్కేసి గ్రూపులో ఫోటో పెట్టేస్తారు. ఫోనులో అప్‌డేట్లు జేబులో ఉండగానే అయిపోతాయి కదా, ఇదీ అంతే అనుకున్నాను. అయినా మంచిదని బండి రోడ్డు పక్కకి తీసి, మామిడి నీడలో ఆపాను.

"ఆపావేంట్రా?"

"ఒక్క నిమిషం అక్కా. మంచి టైము దాటిపోతోంది."

"దేనికి?"

"అప్‌డేటుకి."

వేరే ఇంటి ఆడపడుచైతే అదేంటని అడిగేది. మా ఇంటి ఆడపడుచు కాబట్టి, "వర్జ్యం చూశావా?" అంది.

"పొద్దున్నే క్యాలెండర్లో చూశాను. లేదు."

"అయితే నొక్కు. ఇంకా చూస్తావేంటి, మొద్దులాగా!"

నొక్కాను.

ముందు ఏసీ ఆగింది. తర్వాత లైట్లు ఆరిపోయాయి. స్క్రీన్ నల్లబడి, 'అప్‌డేట్ జరుగుతోంది, వాహనాన్ని నడపరాదు' అని రెండు ముక్కలు వచ్చాయి. కింద చీమ తలవెంట్రుకంత గీత. అది కదలడం లేదు. పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళినవాడి గురించి విన్నాం. రైలుకి వెళ్తూ సాఫ్ట్‌వేర్‌ని చంకన పెట్టుకున్నవాణ్ణి నేనేనేమో.

"గాలి రావట్లేదేంట్రా?"

"వస్తుందక్కా, అప్‌డేట్ అవుతోంది."

"గాలిక్కూడానా?"

తలుపులు తెరుచుకున్నాయి, అదే పదివేలు. డిక్కీ మాత్రం బిగుసుకుపోయింది. అక్క సంచి అందులోనే ఉంది. నేను కొంచెం దూరం వెళ్ళి, అక్కకి వినబడకుండా భాస్కరరావుగారికి ఫోన్ చేశాను.

"రోడ్డు మీద నొక్కారా? ఇంటి దగ్గర బండి నిలబెట్టుకుని, పనేమీ లేనప్పుడు తీరిగ్గా చేసుకోవాలని రాశాను కదండీ! మీరు బొటనవేలు కూడా పెట్టారు!"

"రాహుకాలం వచ్చేస్తోందని..."

ఆయన గొంతు తగ్గించారు.

"అదీ నిజమేలెండి," అన్నారు ఆయన. "రాహుకాలంలో నేనూ నొక్కను."

"ఇప్పుడేం చెయ్యాలండీ?"

"ఏమీ చెయ్యకూడదు. గీత నిండేదాకా ముట్టుకోకండి. ఈలోగా స్క్రీన్ ఫోటో ఒకటి గ్రూపులో పెట్టండి, అందరికీ ఉపయోగం."

నేను రోడ్డు మీద అటూ ఇటూ తిరుగుతూ, చేతులు ఊపుతూ, కంపెనీ నంబరు నొక్కి, వాళ్ళ సంగీతం విని, మళ్ళీ భాస్కరరావుగారిని ప్రాధేయపడి, చాలాసేపటికి కారు దగ్గరికొచ్చాను. కార్లో అక్క లేదు.

కంచె దగ్గరుంది. గృహప్రవేశానికి కట్టుకున్న పట్టుచీర కుచ్చిళ్ళు దోపుకుని, ముళ్ళతీగ కిందనుంచి లోపలికి చూస్తోంది.

"అక్కా, రైలు!"

"రైలెక్కడికీ పోదు. ఈ తీగ కాస్త పైకెత్తు."

రైళ్ళకి పోవడం తప్ప వేరే పని లేదని చెప్పే ధైర్యం నాకు లేదు. ఎత్తాను. అరవై మూడేళ్ళ ఆడమనిషి సులువుగా దూరిపోయింది. నా చొక్కా మాత్రం వీపున చిరిగింది.

నాలుగడుగులు వేశామో లేదో, "ఎవరండీ అది?" అంటూ చేతిలో కర్రతో ఒకామె అడ్డం వచ్చింది. తోట కాపలా మనిషి, పేరు నాగమణి. "కాయ మీద చెయ్యేస్తే ఊరుకునేది లేదు. తోట గుత్తకిచ్చేశారు."

నేను వెంటనే నా గొప్పంతా బయటపెట్టాను. "మాది నూజివీడమ్మా. పండ్ల వ్యాపారం. మా కారు అప్‌డేట్ అవుతోంది."

నాగమణి నా చిరిగిన చొక్కా వైపు చూసింది. "ఏం అవుతోంది?"

అక్క మా మాటలేవీ వినడం లేదు. "మొండిది ఉందా?" అంది.

మొండిది ఒక చిన్నరసం చెట్టు. ఒక ఏడు విరగ్గాసి, మరుసటేడు ముఖం తిప్పుకునేది. అందుకని చిన్నప్పుడు అక్కే దానికా పేరు పెట్టింది. మొదట్లోనే వంగి, కూర్చోవడానికి వీలుగా ఉండేది. బడి లేనప్పుడు అక్క చదువూ, తిండీ, నామీద కోపమొస్తే అలకా, అన్నీ దానిమీదే.

"వంగిన చెట్టేనా?" అంది నాగమణి. "ఉందండి. దాని జోలికి మేము పోం. అది గుత్తలో లేదు."

"లేదా?"

"ఇంటిచెట్టంటండి. ఎప్పట్నించో అలా వదిలేస్తున్నారు. ఎవరింటిదో మాకు తెలీదు. కొన్న ఆసామి ఇటు రానే రాడు. కాయలు పండి రాలిపోతా ఉంటాయి."

మా వైపు తోటని పూతమీద గుత్తకిచ్చేటప్పుడు, ఒక చెట్టు మాత్రం ఇంటివాళ్ళు తినడానికి అట్టిపెట్టుకోవడం రివాజు. నాన్న ఆ మొండిదాన్నే అట్టిపెట్టేవారు, అక్క కోసం. తోట చేతులు మారినా ఆ మాట మాత్రం ఒక గుత్తదారు నుంచి ఇంకో గుత్తదారుకి వెళ్తూనే ఉంది. తోట నేను అమ్మేసినా, మా ఇంటికి ఇంకా ఒక చెట్టు మిగిలి ఉంది.

"మాదే," అంది అక్క.

ఎలా అన్నదో తెలీదు కానీ, నాగమణి కర్ర పక్కన పెట్టేసింది.

అక్క వెళ్ళి ఆ వంపు మీద కూర్చుంది. కాళ్ళు ఊపింది. చెట్టున పండి రాలిన రసం ఒకటి ఏరి, కొంగుతో తుడిచి, రెండు చేతుల మధ్యా మెత్తగా పిసికి, ముచ్చిక కొరికి పారేసి, కళ్ళు మూసుకుని పీల్చింది. రసం మోచేతుల దాకా కారి పట్టుచీర మీద పడుతున్నా తుడుచుకోలేదు. నాకు ఇంకోటి పిసికి ఇచ్చింది, చిన్నప్పుడు ఇచ్చినట్టే. రోజూ బుట్టల కొద్దీ రసాలు అమ్మే నాకు, ఆ రుచి చూసి ఎన్నాళ్ళైందో గుర్తురాలేదు. పీచు అడ్డం పడిందని దగ్గాను.

"సంతకం పెట్టేటప్పుడు ఒక్క మాటైనా అనలేదేంటక్కా?"

"నువ్వు అడగలేదుగా."

అంతే. ఇంకో పండు తీసుకుంది.

మేమెంతసేపు కూర్చున్నామో నాకు తెలీదు. నాగమణి కూడా వచ్చి కూర్చుంది. అక్క ఆమెకి నా చిన్నప్పటి వెధవపనులన్నీ వరసగా చెప్పింది, ఆమె మొహమాటం లేకుండా నవ్వింది. ఎండ చల్లబడుతుండగా రోడ్డు మీద కారు తనంతట తనే లైట్లు మిటకరించి, కీచుమని అరిచింది. అప్‌డేట్ పూర్తయింది.

"అప్పుడేనా?" అంది అక్క.

రైలు ఎప్పుడో వెళ్ళిపోయింది. కారుని నూజివీడు వైపు తిప్పాను. ఇంత గొడవా చేసి ఆ అప్‌డేట్ తెచ్చిందేంటయ్యా అంటే, వానలో వైపర్లు మునుపటికంటే మెత్తగా ఆడతాయట. మే నెలలో!

"క్షమించక్కా, నావల్ల రైలు పోయింది," అన్నాను.

"నీవల్లేంట్రా? నువ్వు ఫోన్లో గంతులేస్తుంటే ఆటో ఒకటి వచ్చింది. మైలవరంలో బస్సెక్కిస్తాను రమ్మన్నాడు. ఎక్కితే రైలు అందేదే. సంచి నువ్వు తర్వాత పంపేవాడివి."

"మరి?"

"బండికేం కాలేదు బాబూ, గాలికోసం ఆగాం అని పంపించేశాను."

ఇది జరిగాక రెండు మామిడికాపులు వెళ్ళిపోయాయి. అక్క మోకాళ్ళు మొరాయించాయి. ప్రయాణాలు వద్దన్నారు డాక్టరు. రసాలు బుట్టకెత్తి విశాఖపట్నం పంపిస్తే, "బాగానే ఉన్నాయి, కానీ కూర్చోడానికి లేదుగా," అంటుంది. సీజన్ మొదలైతే చాలు, తోటలో కాయ ఎలా ఉందని అడగదు.

"ఒరేయ్, అప్‌డేటేమైనా వచ్చిందా?" అంటుంది.

"వచ్చిందక్కా. స్క్రీన్ మీద కాచుకు కూర్చుంది."

"నొక్కావా?"

"లేదు."

"నొక్కకు. కాళ్ళు కాస్త స్వాధీనంలోకి రానీ."

అందువల్ల మా గ్రూపులో ఇప్పుడు అందరికంటే పాత సాఫ్ట్‌వేర్ నాదే. భాస్కరరావుగారు నన్ను బీటా పరువు తీసినవాడిగా చూస్తున్నారు. చూడనివ్వండి. పాఠకమహాశయులారా, నూజివీడు చిన్నరసాల సాక్షిగా, చిరిగిన నా చొక్కా సాక్షిగా, ఇందుమూలంగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: బతికుండగా మళ్ళీ నడిరోడ్డు మీద అప్‌డేట్ నొక్కను గాక నొక్కను. రెడ్డిగూడెం దాటాక కంచె పక్కన, పక్కసీట్లో మా అక్క ఉంటే తప్ప.

కంపెనీవాళ్ళు మాత్రం రోజూ పొద్దున్నే అడుగుతూనే ఉన్నారు, ఇప్పుడు చెయ్యమంటారా, రాత్రికి చెయ్యమంటారా, రేపు గుర్తుచెయ్యమంటారా అని. అక్క వచ్చాక అనే మీట అందులో లేదు.