బాలింతల కారు

మొన్న మా అల్లుడు ఒక సంగతి తేల్చమని ఇంటిల్లిపాదినీ భోజనాల దగ్గర నిలేశాడు. తన డీజిల్ కారు ఇంజనుకు రీమ్యాపింగ్ చేయించాలా వద్దా అన్నది ఆ సంగతి. ల్యాప్‌టాప్ తెచ్చి తీగ తగిలించి, కారు లోపలి కంప్యూటరుకు కొత్త పాఠం చెబితే బండి మునుపటికన్నా జోరుగా ఉరుకుతుందట. కంపెనీ గ్యారంటీ పోతుందని మా అమ్మాయి, పోతే పోనీ అని అల్లుడు, పప్పు చల్లారిపోతోందని నేను. ల్యాప్‌టాప్ ఒక్కటి లేదు గానీ, ఇదే తగువు తెలంగాణ కోసం ఊళ్ళన్నీ రోడ్ల మీదికి వచ్చిన రోజుల్లో మెదక్‌లో మా ఇంట్లోనూ నడిచిందని వాళ్ళకు చెబితే నమ్మలేదు.

కొత్త కొత్త కంపెనీల కార్లు ఒకటొకటిగా దేశంలోకి దిగుతున్న కాలంలో మా ఆయన ఆటో తోలడం మానేసి, ఒక పెద్ద తెల్ల డీజిల్ కారు కొని కిరాయికి పెట్టాడు. ఆ కారు మహా మర్యాదస్తురాలు, ఎవరినీ దాటిపోయి ఎరగదు. చెరుకు ట్రాక్టర్లు సైతం హారన్ కొట్టి మరీ దాన్ని దాటిపోయేవి. దానికి తగ్గట్టు మా ఆడబిడ్డ, అంటే మా ఆయన అక్క, దవాఖానలో నర్సు. కాన్పయి ఇంటికి పోయే బాలింతలకు కుదుపు లేని బండి కావాలి కదా, మా తమ్ముడి కారున్నది, గుంతను పలకరించి గాని దిగదు అని ఆమె వార్డంతా చెప్పేది. అట్లా అల్లాదుర్గ్ నుంచీ శంకరంపేట నుంచీ వచ్చిన బాలింతలందరికీ అదే బండి అయింది. బాలింత అత్తగారు ముందు సీట్లో కూర్చుని, అద్దం దగ్గర వేపరెమ్మ కట్టి, కుట్లున్నయి బిడ్డా జర మెల్లగ అని దారి పొడవునా చెబుతుంటే, అంతకన్నా మెల్లగా పోవడం ఎట్లాగో తెలియక మా ఆయన తల ఊపేవాడు.

ఇల్లు ఆ కిరాయిల మీదే గడిచింది, అబద్ధమెందుకు. కానీ ఊరు దానికి బాలింతల కారని పేరు పెట్టేసింది. అడ్డా మీద తోటి డ్రైవర్లు మా ఆయనను మంత్రసాని అనేవాళ్ళు. అదైనా ఓర్చుకున్నాడు గానీ, ఒక పెళ్ళివారు కిరాయి మాట్లాడుకోవడానికి వచ్చి, కారును చూసి, పిల్లగాడికి ఇంక లగ్గమే కాలేదు, గిప్పుడే బాలింతల కారెందుకని వెనక్కి తిరిగిపోయిన నాడు మాత్రం ఆయన అన్నం తినలేదు.

ఆ పౌరుషంలో ఉండగానే రామాయంపేట మెకానిక్ ఒకాయన ఒక ఉపాయం చెప్పాడు. డీజిల్ పంపు మీద సీలు వేసిన స్క్రూ ఒకటి ఉంటుందనీ, సీలు తెంపి దాన్ని కాస్త తిప్పితే ఇంజనుకు డీజిల్ ఎక్కువ అంది బండి చిరుతలా దూకుతుందనీ ఆయన చెప్పినప్పటి నుంచి మా ఆయనకు కూర్చుంటే స్క్రూ, నిలుచుంటే స్క్రూ. ఆడబిడ్డకు తెలిసి, పొగ కక్కుతూ దూకే బండిలో పచ్చి బాలింతను ఎట్లా పంపుతాను, సీలు తెంపిన నాటి నుంచి ఒక్కరినీ పంపనని తెగేసి చెప్పింది. తెంపితే కూటికి ఎసరు, తెంపకపోతే పరువుకు. అక్క మాట కాదనలేకా, స్క్రూను మరవలేకా ఆయన ఆ భారం తెచ్చి నా నెత్తిన పెట్టాడు. మెకానిక్ చెప్పేది నేను స్వయంగా విని, ఊ అంటేనే చేయిస్తాడట.

కిరాయిలు ఉండవు గనుక బంద్ నాడు బయలుదేరాం. మెకానిక్ సగం షట్టరు వేసుకుని పని చేస్తానన్నాడు. నేను పులిహోర కలిపి డబ్బాలో పెట్టి, వేడి ఆరకుండా పాత మెత్తటి చీర ముక్కలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని వెనక సీట్లో కూర్చున్నాను. రోడ్డు మీద టైర్లు కాలుతున్న పొగకు తట్టుకోలేక చెవులకూ ముక్కుకూ గుడ్డ కట్టుకుని, పైన కొంగు కప్పుకున్నాను. అద్దం దగ్గర నిన్నటి కిరాయి తాలూకు వేపరెమ్మ అట్లాగే వేలాడుతోంది.

ఊరు దాటగానే రాళ్ళు అడ్డం పెట్టిన పిల్లలు కారును చూశారు, చెవులకు గుడ్డ కట్టిన నన్ను చూశారు, ఒళ్ళో మూటను చూశారు. బాలింత ఉన్నది, రాళ్ళు తియ్యుండ్రి అని ఒకడు కేకేశాడు. ఇంటర్ చదివే కూతురున్న దాన్ని, సిగ్గుతో చచ్చిపోయాను. మా ఆయన నిజం చెబుతాడేమోనని చూస్తే, ఆయన అద్దంలో నా వంక చూసి, మహా గంభీరంగా గేరు మార్చాడు. పైగా ఆ పిల్లల్లో ఒకడు మోటారుసైకిలెక్కి మాకు దారి చేస్తూ ముందు బయలుదేరాడు.

రెండో చోట రోడ్డు మధ్యన పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. వందల మంది జనం, జై తెలంగాణ నినాదాలతో చెవులు గళ్ళుపడుతున్నాయి. మోటారుసైకిలు పిల్లవాడు బాలింత అనగానే ఒక ముసలమ్మ బిడ్డను చూస్తానని కిటికీలోంచి చెయ్యి పెట్టింది. నేను మూటను గుండెలకు అదుముకునే లోపలే ఆమె చెయ్యి డబ్బా మూతకు తగిలింది. ఆమె మూట వంక చూసి, నెరిసిన నా చెంపల వంక చూసి, ఒకసారి వాసన పీల్చింది. మా పని అయిపోయిందనుకున్నాను. ఆమె మాత్రం కొంగు సర్ది మూటను నిండుగా కప్పి, జనం వైపు తిరిగి, "బిడ్డ ఇప్పుడే పండుకున్నది, జర నోళ్ళు మూసుకోండ్రి" అన్నది.

అంతమందీ ఊరుకున్నారు. లాఠీ దెబ్బలు తిని తలకు కట్లు కట్టుకుని వచ్చిన పిల్లలు, ఎత్తిన పిడికిళ్ళు దించి, మా కారు పోయేదాకా రెండు పక్కలా నిలబడ్డారు. ఇంజను చప్పుడు తప్ప మరేమీ వినిపించలేదు. నాకు నవ్వు ఆగలేదు, వెంటనే ఎందుకో ఏడుపూ వచ్చింది.

రామాయంపేటలో మెకానిక్ షట్టరు కింది నుంచి తొంగి చూసి చెయ్యి ఊపాడు. ముందు మోటారుసైకిలు పిల్లవాడు, వెనక పసిబిడ్డ, మా ఆయన ఎట్లా ఆపుతాడు? ఎవరో తెలియనట్టు మొహం పెట్టుకుని ఊరు దాటించేశాడు. పిల్లవాడు సెలవు తీసుకుని వెళ్ళాక, ఒక రైసు మిల్లు గోడ నీడలో కూర్చుని మా బిడ్డను విప్పుకుని తిన్నాం. నేనేమంటానో ఆయన అడగనే లేదు. చెయ్యి కడుక్కుంటూ, "ఈ బండి కోసం నినాదాన్ని గొంతుల్నే ఆపుకున్నరు గదనే పోరగాండ్లు. గసువంటి బండిని ఉరికిచ్చుడు నాతోని కాదు" అన్నాడు. బంద్ ముగిసేదాకా అక్కడే ఉండి, పొద్దు గూకినాక ఇంటికొచ్చాం. మర్నాడు అడ్డా మీద ఎవరో మంత్రసాని అంటే ఆయనే ముందు నవ్వాడట.

తెలంగాణ వచ్చింది. రోడ్లు వెడల్పయ్యాయి. బాలింతలను ఇంటి దగ్గర దింపడానికి సర్కారు బండే వస్తోంది, సంతోషమే. ఆ తెల్ల కారు తుక్కు కింద పోయింది, ఆయన పోయీ నాలుగేళ్ళు దాటింది. ఇప్పుడు నల్లద్దాల కార్లు సర్రున పోతుంటాయి, లోపల పెళ్ళికొడుకు ఉన్నాడో పసిగుడ్డు ఉందో బయటివాళ్ళకు తెలియదు, బయట ఎవరున్నారో లోపలివాళ్ళకు పట్టదు. పోయిన వారం మా అమ్మాయి బిడ్డకు టీకా వేయించి, ఈసారి నిజం బిడ్డనే ఒళ్ళో ఎత్తుకుని రోడ్డు దాటుదామని నిలబడ్డాను. కాళ్ళు లాగేదాకా నిలబడ్డా ఒక్క బండీ ఆగలేదు. ఆయన ఉంటే ఆపేవాడు.