తోడికోడలి పట్టీలు

మా తోడికోడలు మేడ మెట్లు దిగుతుంటే ఘల్లుఘల్లుమని వినిపిస్తుంది. విన్నప్పుడల్లా నా కడుపు మండుతుంది. చెప్పుకోవడానికి నాకేమీ సిగ్గు లేదు. చిక్కపేటలో మామగారు పెట్టిన చీరల అంగట్లో ఇద్దరమూ ఏళ్ల తరబడి పొద్దంతా నిలబడ్డాం. ఇద్దరి కాళ్లలోనూ నరాలు ఉబ్బి మెలికలు తిరిగాయి. ఆమె మాత్రం లేజరు చేయించుకుని, నెల తిరక్కుండా వెండి పట్టీలు తొడుక్కుంది. నాకేమో మోకాలి దాకా బిగుతు మేజోళ్లు.

"పడ్డందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందంట" అని మా అత్త నా మొహం చూసినప్పుడల్లా అంటుంది. అననీ.

ఆమెకు చేసిన డాక్టరు దగ్గరికే నేనూ వెళ్లాను. ఆయన నన్ను పీట మీద నిలబెట్టి, కాలికి చల్లటి జెల్ పూసి స్కానింగ్ చేశాడు. ఆమెకు చిటికెలో అయిపోయిన పని నాకు ఎంతకీ తెమలలేదు. పడుకోబెట్టి చూడొచ్చు కదా, ఈయన సొమ్మేం పోయిందని లోపల్లోపల తిట్టుకుంటూ నిలబడ్డాను.

"కాన్పు తర్వాత ఈ కాలు బాగా వాచిందా?" అన్నాడు. వాచింది. బాలింత వాపని ఇంట్లో కాపడం పెట్టి ఊరుకున్నారు.

"అప్పుడు రక్తం గడ్డకట్టి లోపలి నరం మూసుకుపోయిందమ్మా. మెయిన్ రోడ్డు మూసేస్తే బండ్లన్నీ పక్క క్రాసు వీధిలోంచి పోవా? ఈ ఉబ్బిన నరమే ఇప్పుడు మీ కాలికి దారి. దాన్నీ లేజరుతో కాల్చేస్తే కాలికే ముప్పు. లోపలిది చూడకుండా పైదాన్ని ముట్టుకోకూడదనేది మా రూలు. మీకు లేజరు చెయ్యను."

రూలట! మేడ మీద గాలొచ్చే గది ఆమెకు, కింద వంటింటి పక్క గది నాకు. ఇప్పుడు లేజరు ఆమెకు, రూలు నాకు. ఇంటికొచ్చేసరికి ఆమె గుమ్మంలో పట్టీలు తుడుచుకుంటూ కూర్చుంది. ఒళ్లు మండిపోయింది.

చుట్టాలింటికని చెప్పి యలహంకలో ఒక బ్యూటీ క్లినిక్కుకు వెళ్లాను. అక్కడి అమ్మాయి నన్ను బల్ల మీద పడుకోబెట్టి కాలికి స్పిరిటు రుద్దింది.

"నిలబెట్టి స్కానింగ్ చెయ్యరా?" అన్నాను.

"అదంతా యాల మేడం? నరం కండ్లకు కనబడతానే ఉండాది కదా!"

కనబడుతూనే ఉంది. కనబడనిది లోపల మూసుకుపోయి ఉందే, దాని సంగతేమిటి? పట్టీల మీద ఆశ చావలేదు గానీ, కాలే పోతే పట్టీ ఎక్కడ పెట్టుకోను? బల్ల దిగి, చెప్పులు చేత్తో పట్టుకుని బయటపడ్డాను.

వరలక్ష్మీ వ్రతం నాడు ముత్తయిదువల కాళ్లకు పసుపు రాస్తూ మా తోడికోడలు నా దగ్గరికొచ్చింది. నేను చీర కిందికి లాక్కున్నాను.

"కాలు చాపక్కా."

"మేజోడు ఉండాది. వద్దులే."

"తీసి రాసి మళ్లా నేనే తొడుగుతాను."

మేజోడు మెల్లగా దించింది. ఉబ్బిన నరం దగ్గర ఆమె వేళ్లు ఆగాయి.

"నువ్విచ్చిన నంబరని యలహంక క్లినిక్కోళ్లు అంగడికి ఫోన్ చేసినారు," అంది నాకే వినపడేట్టు. "మధ్యలో లేచొచ్చినావంట. డాక్టరు వద్దన్నాక కూడా పోయినావని నాకు గుండె ఆగినంత పనయిందక్కా. పోనీలే, నీ కాలు నీకుండాది."

"ఉండాదిలే," అన్నాను. "నీది మాత్రం మెరిసిపోతాండాది."

ఆమె పకపకా నవ్వింది. నేనేమీ పడలేదు. అయినా ఏడుపొచ్చింది.